టేపుతో కొలిచే పన్ను

మనిషి ఏ కారు కొంటాడన్నది చాలావరకు ఢిల్లీలోనే తేలిపోతుంది. 2012 మేలో అక్కడ పెట్రోలు లీటరు 73 రూపాయలు, డీజిలు 41 రూపాయలు. ట్రాక్టరుకు, బస్సుకు, సరుకు లారీకి భారం కాకూడదని డీజిలుకు ఇచ్చిన రాయితీ మీద ఖరీదైన ఎస్‌యూవీలూ తిరిగాయి. కొత్త కార్లలో సగందాకా డీజిల్‌వే అయ్యాయి. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చి చెప్పిందీ ఆ ఏడాదే.

2013 జనవరి నుంచి నెలనెలా అర్ధరూపాయి చొప్పున పెంచుతూ పోయి, 2014 అక్టోబరులో డీజిలు ధరను మార్కెట్‌కు వదిలేశారు. బంకులో తేడా తగ్గేకొద్దీ జనం పెట్రోలు బండ్లకు మళ్లారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చేసరికి చిన్న డీజిల్ ఇంజిన్ గిట్టుబాటు కాక మారుతి దాన్ని తయారు చేయడమే మానేసింది. అయితే రాయితీ రోజుల్లో అమ్ముడైన డీజిల్ బండ్లు ఎక్కడికి పోతాయి? పదేళ్లు దాటిన డీజిల్ బండి ఢిల్లీలో తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశించింది. చాలా బండ్లు నిరభ్యంతర పత్రం (ఎన్‌వోసీ)తో వేరే ఊళ్లకు చేరాయి. ఆ పొగ ఇప్పుడు అక్కడివాళ్లు పీలుస్తున్నారు.

ఇంతకన్నా నన్ను బాధపెట్టేది నాలుగు మీటర్ల లెక్క. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ లోపు ఇంజిన్ ఉంటే చిన్న కారు అన్నారు, ఎక్సైజు తగ్గించారు. కంపెనీలు ఇంజనీర్లను పొగ తగ్గించే పనికి కాకుండా డిక్కీ కుదించే పనికి పెట్టాయి. 2012లో మారుతి డిజైర్ వెనక భాగం పొట్టిదైంది అందుకే.

2025 సెప్టెంబరులో జీఎస్టీ మారినా టేపు మారలేదు. ఆ కొలతల్లో ఇమిడితే 18 శాతం, దాటితే 40. ఇదివరకు చిన్న డీజిల్ కారుకు పెట్రోలు కారుకన్నా 2 శాతం సెస్సు ఎక్కువ ఉండేది, ఆ కాస్త తేడా కూడా ఇప్పుడు లేదు. ట్రాఫిక్‌లో తక్కువ పెట్రోలు తాగే హైబ్రిడ్ కాస్త పొడవుగా ఉంటే చాలు, 40 శాతం కట్టాల్సిందే. ఎలక్ట్రిక్ కారుకు 5 శాతమే, దాని ధర కోటి రూపాయలైనా సరే.

తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ బండి ధరను బట్టి ఉంటుంది. ఎలక్ట్రిక్ వాహనాలకు 2026 డిసెంబరు దాకా మినహాయింపు ఇచ్చారు, మంచిదే. ఆ గడువు తీరేలోగా పన్నును పొగకు ముడిపెట్టాలి. కిలోమీటరుకు ఎన్ని గ్రాముల కార్బన్ డయాక్సైడు వస్తుందో ప్రతి మోడలుకూ పరీక్షల్లో తేలుతూనే ఉంది, కొత్తగా కొలవాల్సిన పని లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. 2001లో బ్రిటన్ ప్రధానంగా కార్బన్‌నే చూసి పన్ను వేస్తే అక్కడి జనం డీజిల్ వైపు పరుగెత్తారు. అందుకే నైట్రోజన్ ఆక్సైడ్లూ, మసీ కూడా లెక్కలోకి రావాలి. ఆ అంకెలన్నీ షోరూంలో ధర పక్కనే కొనేవాడికి కనిపించాలి.