కారు చూస్తే కొత్తే.. బ్యాటరీ మాటేమిటి?

పాత విద్యుత్తు కార్ల బేరంలో తిరిగిన దూరమొక్కటే కొలమానం కాదు
హామీ గడువు, ఎండ ప్రభావం చూశాకే ధర మాట్లాడాలి

నరసరావుపేట: పాత పెట్రోలు కారు కొనేవారు ఇంజిన్ శబ్దం వింటారు, పొగ రంగు చూస్తారు, తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకు వెళతారు. విద్యుత్తు కారు విషయంలో ఈ పరీక్షలు పనికిరావు. దాని ఆయువుపట్టు బ్యాటరీ. కారు ధరలో పెద్ద వాటా దానిదే. దాని స్థితి తెలుసుకోకుండా బేరమాడటమంటే బావిలో నీరు చూడకుండా పొలం కౌలుకు తీసుకోవడమే.

టాటా నెక్సాన్ ఈవీ 2020 జనవరిలో విపణిలోకి వచ్చింది. దాని బ్యాటరీకి సంస్థ ఇచ్చిన హామీ 8 ఏళ్లు లేదా 1.60 లక్షల కిలోమీటర్లు. అంటే తొలి ఏడాది కొన్న కార్లకు 2028తో గడువు తీరుతుంది. ధర తక్కువని ఆశపడేవారు మొదట చూడాల్సింది ఈ తేదీనే.

తరుగుదల వేరు.. ఆగిపోవడం వేరు

బ్యాటరీ సాధారణంగా ఒక్కసారిగా చేతులెత్తేయదు. ఏటా కొంత సామర్థ్యం కోల్పోతుంది. జియోట్యాబ్ సంస్థ 2024లో ప్రకటించిన విశ్లేషణ ప్రకారం ఈ తరుగుదల ఏడాదికి సగటున 1.8 శాతం. తొలి నెక్సాన్ బ్యాటరీ సామర్థ్యం 30.2 యూనిట్లు. అందులో 80 శాతం మిగిలితే 24 యూనిట్లు నిల్వ ఉంటాయి. కొత్తలో 200 కిలోమీటర్లు నడిచిన కారు 160 నడుస్తుంది. రోజూ పక్క ఊరికి వెళ్లివచ్చే ఉద్యోగికి ఇది చాలు. తరచూ హైదరాబాద్ వెళ్లే వ్యాపారికి చాలదు.

ఎండతోనే చిక్కు

బ్యాటరీకి వేడి పడదు. ద్రవ శీతలీకరణ లేని నిస్సాన్ లీఫ్ కార్ల బ్యాటరీలు త్వరగా క్షీణిస్తున్నాయని అమెరికాలోని ఆరిజోనా ఎడారి ప్రాంత యజమానులు 2012లో ఆందోళన వ్యక్తం చేశారు. మండే ఎండలకు పేరుపడిన రెంటచింతల ఉన్న పల్నాడు వాసులకు ఇది గమనించదగ్గ పాఠం. నెక్సాన్‌కు ద్రవ శీతలీకరణ ఉన్నా, నిండా ఛార్జి చేసి రోజుల తరబడి ఎండలో నిలిపిన కారు కంటే నీడపట్టున ఉంచిన కారే మేలు. నిత్యం ఫాస్ట్ ఛార్జింగ్‌పై ఆధారపడిన బండిని ఒకటికి రెండుసార్లు పరీక్షించాలి.

హామీ ఎవరికి?

2024 సెప్టెంబరులో వచ్చిన ఎంజీ విండ్సర్‌కు ప్రకటించిన జీవితకాల బ్యాటరీ హామీ తొలి యజమానికే పరిమితం. చేతులు మారితే షరతులూ మారతాయి. పన్ను లెక్క మరొకటి. వ్యాపారులు అమ్మే పాత విద్యుత్తు వాహనాలపై, వారికి మిగిలే లాభం మీద విధించే జీఎస్టీని 12 నుంచి 18 శాతానికి పెంచాలని 2024 డిసెంబరులో జీఎస్టీ మండలి నిర్ణయించింది. వ్యక్తుల మధ్య జరిగే అమ్మకాలకు ఈ పన్ను లేదు. అందువల్ల నేరుగా కొనడం లాభసాటిగా తోచవచ్చు. అయితే అక్కడ నోటిమాటే హామీ.

కనుక అధీకృత సర్వీసు కేంద్రంలో బ్యాటరీ ఆరోగ్య నివేదికను రాతపూర్వకంగా తీసుకోవాలి. నిండా ఛార్జి చేసి కనీసం 50 కిలోమీటర్లు నడిపి, ఎంత శాతం ఖర్చయిందో లెక్కగట్టాలి. ఈ రెండింటికీ ఒప్పుకోని అమ్మకందారు ధర ఎంత తగ్గించినా అది చౌక బేరం కాబోదు.