కారు ఏ.సి. గ్యాసు: ఎవరి పని ఎవరు చేయాలి?

మే నెల చివర వచ్చే 'నౌతపా' తొమ్మిది దినాలలో రాయపూర్ ఎండ ఎటువంటిదో అక్కడ పనిచేసే మన సభ్యులకు వేరుగా చెప్పనవసరం లేదు. విజయనగరం–రాయపూర్ రైలు మార్గం వెంట ఉద్యోగరీత్యా వెళ్ళి స్థిరపడిన తెలుగు రైల్వే, తపాలా కుటుంబాలలో అప్పు చేసి అయినా ఒక పాత కారు కొనుక్కున్నవారు నేడు అనేకులు. వేసవి రాగానే ఆ కారులో ఏ.సి. చల్లగాలి ఇవ్వటం మానుతుంది. మెకానిక్కు వద్దకు పోతే ఖర్చు. గ్యాసు డబ్బా, గొట్టం బజారులో కొనుక్కోవచ్చు. ఇంటి ముందే మనమే నింపుకుంటే ఏమి అన్న ఆలోచన సహజంగానే కలుగుతుంది. దీనిపై మా అభిప్రాయాన్ని స్పష్టంగా చెప్పదలచాము.

వ్యాగన్ రిపేర్ షాపులో టన్నుల బరువును విప్పి బిగించే ఫిట్టరుకు చిన్న గొట్టం తగిలించటం చేతకాదని ఎవరూ అనరు. సమస్య చేతకాకపోవటంలో లేదు. ఏ.సి.లోని గ్యాసు దీపంలో నూనె వలె ఖర్చయ్యేది కాదు. మూసివున్న గొట్టాలలో అదే గ్యాసు తిరుగుతూ ఉంటుంది. ఏళ్ళ తరబడి రబ్బరు గొట్టాల గుండా కొద్దికొద్దిగా పోవచ్చునేమో గాని, ఒక్క వేసవిలో గ్యాసు తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నదని అర్థం. లీకును మూయకుండా గ్యాసు నింపటం చిల్లికుండలో నీళ్ళు పోయటమే.

నిజమైన పనికి ఒక క్రమం ఉన్నది. మిగిలిన గ్యాసును యంత్రంతో వెనుకకు తీయవలెను. నైట్రోజను ఒత్తిడి పెట్టి లీకు పట్టుకొనవలెను. దానిని సరిచేసిన తరువాత వాక్యూం పంపుతో లోపలి గాలిని, తేమను లాగివేయవలెను. తేమ మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వు వద్ద మంచుగా గడ్డకడుతుంది, నూనెతో కలిసి ఆమ్లమై కంప్రెసరును తినివేస్తుంది. చివరకు కంపెనీ నిర్ణయించిన తూకం ప్రకారం గ్యాసు ఎక్కించవలెను. చిన్న కార్లలో ఆ తూకం సుమారు అర కిలో మాత్రమే. డబ్బాకు తగిలించిన ఒక్క మీటరు ఆ తూకాన్ని చెప్పలేదు. గ్యాసు ఎక్కువైతే చల్లదనం పెరగదు, ఒత్తిడి పెరుగుతుంది.

ప్రమాదం కూడా తక్కువది కాదు. ఆర్-134ఏ గ్యాసు మైనస్ 26 డిగ్రీల వద్దనే మరుగుతుంది. ద్రవరూపంలో చేతిపై పడితే చర్మం గడ్డకట్టుకుపోతుంది. కంటిలో పడితే చూపుకే ముప్పు. కల్తీ సంగతి ఇంకా భయంకరం. 2011లో వియత్నాంలో, బ్రెజిల్‌లో ఓడరేవుల శీతల కంటెయినర్లు పేలి ముగ్గురు కార్మికులు మరణించారు. ఆర్-134ఏ పేరిట ఎక్కించిన కల్తీ గ్యాసులోని మిథైల్ క్లోరైడు అల్యూమినియంతో కలిసి, గాలి సోకగానే మండే పదార్థంగా మారటమే కారణమని భావించారు. మన కార్ల కండెన్సర్లు కూడా అల్యూమినియంవే.

గాలిలోకి వదిలిన గ్యాసుకు అంతటితో కథ ముగియదు. ఓజోను పొరను తినే సి.ఎఫ్.సి. వాయువులను 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం క్రింద మన దేశం 2010 నాటికి నిలిపివేసింది. వాటి స్థానంలో వచ్చిన ఆర్-134ఏ ఓజోనుకు హాని చేయకపోయినా, వందేళ్ళ లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 1,400 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. అర కిలో వదలటమంటే సుమారు 700 కిలోల బొగ్గుపులుసు వాయువును వదలినట్లే. అందుకే 2016 నాటి కిగాలీ సవరణను మన దేశం 2021లో ఆమోదించింది. ఈ వేడికి ముందుగా బలయ్యేది ఎవరు? ఎండలో ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్, పట్టాలపై నడిచే ట్రాక్‌మన్.

ఇంటి వద్ద చేయదగిన పని లేకపోలేదు. క్యాబిన్ ఫిల్టరు శుభ్రం చేయవచ్చు, మార్చవచ్చు. రేడియేటరు ముందున్న కండెన్సరుకు పట్టిన దుమ్మును మెల్లని నీటిధారతో కడగవచ్చు. ఫ్యూజు, బెల్టు, ఫ్యాను చూడవచ్చు. చాలాసార్లు చల్లదనం తగ్గటానికి ఇవే కారణం. గొట్టాలను విప్పటం, గ్యాసు ముట్టటం మాత్రం తగదు. హైబ్రిడ్, విద్యుత్ కార్లలో అసలే తగదు. అక్కడ కంప్రెసరు అధిక వోల్టేజీపై నడుస్తుంది.

వృత్తి నిపుణుడంటే కంపెనీ షోరూము మాత్రమే అని మేము అనటం లేదు. సరైన పరికరాలు, శిక్షణ ఉన్న వీధి మెకానిక్కు కూడా నిపుణుడే, మనవంటి శ్రామికుడే. అతడిని మూడు విషయాలు అడగండి: లీకు పరీక్షించారా, వాక్యూం చేశారా, ఎన్ని గ్రాములు ఎక్కించారు? గ్రాములు బిల్లుపై వ్రాయించుకోండి. అతని శ్రమకు న్యాయమైన కూలి బేరమాడకుండా ఇవ్వండి.

ఈ విషయాన్ని సంపాదకీయంగా వ్రాయటానికి కారణం ఉన్నది. ఏ.సి. కోచ్‌ల పైకప్పు యూనిట్లలో జరిగే పని స్వభావం కూడా ఇదే. ఆ నిర్వహణను అనేకచోట్ల కాంట్రాక్టుకు ఇస్తున్నారు. "ఇది ఎవరైనా చేయగల పని" అన్న మాటే నైపుణ్యాన్ని చౌక చేయటానికి ఆయుధం. అది నైపుణ్యం గల పని అని డిపోలో వాదించే మనం, ఇంటి ముందు అది ఎవరైనా చేయగల పని అన్నట్లు ప్రవర్తిస్తే మన వాదానికి మనమే గండి కొట్టినవారమవుతాము.

కావున మా కోర్కెలు ఇవి. గ్యాసు పని చేసే ప్రతి కార్మికునికి, అతడు కాంట్రాక్టు కార్మికుడైనా సరే, శిక్షణ, ధ్రువపత్రం, కళ్ళద్దాలు, చేతితొడుగులు ఇవ్వాలి. ప్రతి డిపోలోను గ్యాసు వెనుకకు తీసే యంత్రాలు ఉండాలి. లక్షమంది టెక్నీషియన్లకు శిక్షణ ఇస్తామన్న 2019 నాటి జాతీయ శీతలీకరణ కార్యాచరణ ప్రణాళికలోని మాట వీధి మెకానిక్కు వరకు చేరాలి. రాయపూర్ శాఖలు సహకార సంఘాల ద్వారా సభ్యుల కార్లకు వేసవికి ముందే సామూహిక తనిఖీ ఏర్పాటు చేసుకొనవలసినదిగా కోరుచున్నాము. ఒంటరిగా డబ్బా కొనుక్కొనే ఖర్చును పదిమందీ కలిసి నిపుణునికి ఇస్తే పనీ నిలుస్తుంది, ఒక శ్రామికుని వృత్తీ నిలుస్తుంది.