గ్రిడ్‌ని కూల్చడానికి హ్యాకర్ అక్కర్లేదు, మన వేలు చాలు



2020 ఏప్రిల్ 5 గుర్తుందా? ప్రధాని పిలుపుతో రాత్రి 9 గంటలకు 9 నిమిషాలు లైట్లు ఆర్పారు. దేశంలో కరెంటు వాడకం ఒక్కసారిగా దాదాపు 31 వేల మెగావాట్లు పడిపోయింది. ముందే తెలుసు కాబట్టి ఇంజనీర్లు జలవిద్యుత్తును తగ్గించి, పెంచి గ్రిడ్‌ని నిలబెట్టారు.

మరి అదే పని ఒక దొంగ మెసేజ్ చేయిస్తే? "రాత్రి 8 నుంచి 10 దాకా కరెంటు సగం ధరకే" అని ఎవడో పుట్టిస్తే? ఇది నా ఊహ కాదు. లండన్ మీద లెక్కలు కట్టి పరిశోధకులు 2020లోనే హెచ్చరించారు: నమ్మిన జనం అందరూ ఒకేసారి స్విచ్‌లు వేస్తే నగరమే చీకటైపోవచ్చని.

"మా గూడెంలో రెండు బల్బులే, మాకేంటి?" అనకండి. మన సీలేరు, మాచ్‌ఖండ్ నీళ్ల కరెంటు పోయేది కూడా ఆ గ్రిడ్‌కే. అది కూలితే జనరేటర్ ఉన్నోడు తట్టుకుంటాడు. ఆస్పత్రిలో కాన్పుకెళ్లిన మన అక్క?

అధికారులూ, మమ్మల్ని అమాయకులని తిట్టడం కాదు. పుకారు కంటే ముందు నిజం రావాలి, కోయలో, గోండిలో, సవరలో రావాలి.

మనమూ ఒక పని చేద్దాం. కరెంటు మీద మెసేజ్ వస్తే లైన్‌మన్‌ని అడుగుదాం, 1912కి ఫోన్ కొడదాం. తేలేదాకా ఫార్వర్డ్ బంద్!