సైకిలుయాత్రయు చిక్కులెక్కయు

చేతిలోని ఫోను క్షణములో జవాబు చెప్పుచుండగా బాలబాలికలు తర్కపు చిక్కులెక్కలతో గంటలకొలది కుస్తీపట్టుట యెందులకని కొందఱు తలిదండ్రులు అడుగుచున్నారు. అట్టి యంత్రమును విద్యార్థుల దరిదాపులకు రానీయరాదని మఱికొందఱు వాదించుచున్నారు. ఈ రెండు పక్షములలో దేనితోను మేము పూర్తిగా ఏకీభవింపజాలము. ఐరోపా ఖండమందలి ప్రాచీనమగు యాత్రామార్గ మొకదానిలో నేటికిని అమలునందున్న నియమమొకటి ఈ తగవును తీర్చుటకు సాయపడునని మా యభిప్రాయము.

స్పెయిను దేశపు వాయవ్యభాగమున సాంతియాగో దె కొంపొస్తెలా యను పట్టణము కలదు. అచ్చటి ప్రధాన దేవాలయములో అపొస్తలుడైన యాకోబు సమాధి యున్నదని పూర్వులనుండి వచ్చుచున్న నమ్మకము. వేయి సంవత్సరములకు పైగా యాత్రికులు ఆ పట్టణమునకు పోవుచున్నారు. దారులు పెక్కు గలవు. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఫ్రాన్సు దేశపు సరిహద్దున బయలుదేరి, పిరెనీసు పర్వతములను దాటి, పాంప్లోనా, బుర్గోసు, లెయోను పట్టణముల మీదుగా సుమారు 780 కిలోమీటర్లు సాగును. స్పెయినులోని యీ మార్గమును యునెస్కో సంస్థ 1993లో ప్రపంచ వారసత్వ సంపదల పట్టికలో చేర్చినది. ఆసాంతము నడచువారికి ఒక నెలకు పైబడియు, సైకిలు మీద పోవువారికి రమారమి రెండు వారములును పట్టును.

యాత్ర ముగించినవారికి అచ్చటి కార్యాలయమువారు లాటిను భాషలో వ్రాసిన పత్రము నొకదానిని ఇచ్చెదరు. దానిని పొందుటకు కాలినడకను వచ్చినవాడు కడపటి 100 కిలోమీటర్లయినను నడచియుండవలెను. సైకిలు మీద వచ్చినవాడో, కడపటి 200 కిలోమీటర్లయినను తొక్కియుండవలెను. నియమము చిన్నదే గాని అందలి వివేకము గొప్పది. సైకిలును వారు నిషేధింపలేదు. సైకిలెక్కినవాడు యాత్రికుడే కాడని త్రోసివేయలేదు. అట్లని నడచినవానితో సమానముగ లెక్కించి ఊరకుండనులేదు. సాధనము శ్రమను తగ్గించినది కావున దూరమును రెట్టింపు చేసిరి.

ఆ రెట్టింపు పేరునకు మాత్రమే కాదు. నడచువారిలో అనేకులు సారియా యను ఊరినుండి బయలుదేరుదురు. అచ్చటినుండి నూరు కిలోమీటర్లకు కొంచెము పైగా ఉండును. సైకిలువారు అంతకు చాల ముందున్న పొన్‌ఫెర్రాదాలో బయలుదేరుదురు. ఆ రెంటికిని నడుమ సుమారు 1,300 మీటర్ల యెత్తున ఓ సెబ్రెయిరో కనుమ యున్నది. సారియానుండి నడచువానికి ఆ కొండ యెక్కు పని లేదు; సైకిలువానికి అది తప్పదు. చక్రములు గలవానికి కొండ నప్పగించుట న్యాయమే గదా!

ఇక చిక్కులెక్కల మాట. ఒక మనుష్యుడు తోడేలును, మేకను, కాబేజీని ఏరు దాటింపవలెను. పడవలో తనతోబాటు ఒక్కదానికే చోటు. అతడు దగ్గఱ లేనిచో తోడేలు మేకను, మేక కాబేజీని తినివేయును. ఎనిమిదవ శతాబ్దమున జన్మించిన అల్క్విను పండితుడు కూర్చినదని చెప్పబడు లాటిను లెక్కల సంపుటమునం దిది యున్నది. మన యిండ్లలో ఇదే లెక్క పులి, మేక, గడ్డిమోపు అను రూపమున వినబడుచుండును. ఏడు మార్లు దాటినగాని పని ముగియదు. “ఏడు” అని ఫోను చెప్పగలదు. ఏ యే వరుసను దాటవలెనో అదియు చెప్పగలదు. కాని యీ లెక్కకు ప్రాణమంతయు ఒక్క మెట్టులో నున్నది: ఆవలి యొడ్డుకు చేర్చిన మేకను మరల ఈవలికి తీసికొని రావలెను. ముందుకు పోవుటకై ఒకప్పుడు వెనుకకు మరలవలసియుండునని తనంత తాను కనుగొన్న బాలునికి కలిగిన వివేకము, వరుసను చూచి వ్రాసికొన్నవానికి కలుగదు. చూచి వ్రాసినవాడు బస్సెక్కి పట్టణము చేరినవానివంటివాడు. చేరినమాట నిజమే, యాత్ర చేసినమాట నిజము కాదు.

అయినను యంత్రము శత్రువు కాదు. సుడోకు అను అంకెల చిక్కునే చూడుడు. అందు 81 గడులుండును. ఒక్కటే జవాబు వచ్చుటకు ముందుగా ఎన్ని గడులలోనైనను అంకెలు ఇచ్చితీరవలెనను ప్రశ్న బహుకాలము తెగక యుండెను. 17 అంకెలు గలవి దొరకినవి. 16 అంకెలు గలది ఒక్కటియు దొరకలేదు. దొరకనంత మాత్రమున లేదనుట తర్కము కాదు. 2012లో డబ్లిను నగరపు గణితశాస్త్రజ్ఞుడు గేరీ మెక్‌గ్వైరును ఆయన సహచరులును దీనిని తేల్చిరి. మూలమున భిన్నమైన నిండు పట్టికలు 547 కోట్లకు పైగా నుండగా, వానినన్నిటిని కంప్యూటరులచేత శోధింపజేసి, 16 అంకెల చిక్కు ఉండనేరదని నిరూపించిరి. వారు యంత్రముచేత దినపత్రికలోని యొక సుడోకును పూరింపజేసి సంతోషింపలేదు. యంత్రమునకు తగినంత దూరమును, తగినంత కొండను దానికి చూపిరి.

కావున మా సూచన యిది. చిన్న తరగతులవారు ముందుగా తమ నూరు కిలోమీటర్లు నడువవలెను. అనగా కాగితము, పెన్సిలు తప్ప వేఱు సాయము లేక చిక్కులను విప్పవలెను. పెద్ద తరగతులవారికి ఫోను ఇచ్చినయెడల లెక్కను రెట్టింపు చేయవలెను. జవాబు తెచ్చిన చాలదు. అది యేల సరియైనదో, వేఱొక జవాబు ఏల లేదో నిరూపింపుమనవలెను. పడవలో రెండింటికి చోటున్న నేమగునని, నాలుగవ జంతువు చేరిన నేమగునని అడుగవలెను.

మఱియొక సంగతి. సాంతియాగో యాత్రికుడు వెంట నొక పుస్తకము నుంచుకొని దారిలోని సత్రములందును దేవాలయములందును ముద్రలు వేయించుకొనును. కడపట కార్యాలయమువారు చూచునవి ఆ ముద్రలే. బాలుడు వ్రాసిన మెట్లు అట్టి ముద్రలు. తలిదండ్రులు సాయంకాలమున “జవాబు వచ్చినదా?” అని అడుగుటకు బదులు “ఏ దారిని వచ్చితివి? చూపుము” అని అడిగిన చాలును. ఆ ప్రశ్నకు ఉత్తరమియ్యగల బిడ్డ నడచి వచ్చినను, సైకిలు మీద వచ్చినను మాకు సమ్మతమే.