పరీక్ష ఉచితమే, కాని...

జబ్బు ముదిరిపోయాక వైద్యానికి అప్పు చేసైనా ఖర్చు పెడతాం. ఏ జబ్బూ లేనప్పుడు, లోపల ఏమైనా వుందేమో చూపించుకోవడానికి నాలుగు డబ్బులు తియ్యాలంటే మాత్రం చెయ్యి రాదు. ఇది మన ఒక్కరి గుణమే కాదు, మనుషులందరి గుణమూను. తమాషా యేమిటంటే, ప్రభుత్వాలకూ ఇన్సూరెన్సు కంపెనీలకూ కూడా యిదే గుణం వుంది. పెద్దప్రేగు కాన్సరు విషయంలో అమెరికావారు యీ గుణాన్ని మార్చుకోవడానికి పాతికేళ్ళకు పైగా పడిన పాట్లు చూస్తే, యింటి జమాఖర్చులు చూసుకునే ప్రతివారికీ అందులో తెలుసుకోవలసింది కనిపిస్తుంది. మన తెలుగువారు లక్షల సంఖ్యలో అక్కడ స్థిరపడి వున్నారు గనుక, యిది పరాయివాళ్ళ గొడవ అని తోసెయ్యడానికీ వీల్లేదు.

ముందు జబ్బు సంగతి. పెద్దప్రేగులోనూ, దాని చివరి భాగమైన మలాశయంలోనూ వచ్చే కాన్సరు చాలావరకు ఒక చిన్న బుడిపెతో మొదలవుతుంది. డాక్టర్లు దీన్ని పాలిప్ అంటారు. సాధారణంగా నొప్పి వుండదు, బాధ వుండదు. అన్ని బుడిపెలూ కాన్సరుగా మారవు. మారేవాటికి మామూలుగా పది సంవత్సరాల దాకా పడుతుంది. ఆ పదేళ్ళలో కనిపెట్టి తీసేస్తే, ఆ బుడిపె నుంచి కాన్సరు పుట్టకుండానే పోతుంది. వచ్చిన కాన్సరును పట్టుకోవడం వేరు, రాబోయేదాన్ని ముందే త్రుంచెయ్యడం వేరు. ఈ రెండో అవకాశం వున్న కొద్ది కాన్సర్లలో యిదొకటి. అయినా అమెరికాలో స్త్రీపురుషులను కలిపి లెక్కవేస్తే, కాన్సరు చావుల్లో ఊపిరితిత్తుల కాన్సరు తర్వాత స్థానం దీనిదే. ఏటా యాభైవేల పైచిలుకు మంది దీనివల్ల పోతున్నారు.

దీన్ని కనిపెట్టడానికి ముఖ్యంగా రెండు మార్గాలున్నాయి. మొదటిది మలపరీక్ష. కంటికి కనిపించని రక్తం మలంలో వుందేమో చూస్తారు. ఇంటివద్దనే కొద్దిగా నమూనా తీసి పంపవచ్చు, చవక, సులభం. అమెరికాలోని మిన్నెసోటాలో 46 వేల పైచిలుకు మందిమీద జరిపిన పరిశోధన ఫలితం 1993లో వెలువడింది. ఏటా యీ పరీక్ష చేయించుకున్నవారిలో యీ కాన్సరు చావులు మూడో వంతు తగ్గినట్లు తేలింది. రెండోది కొలనాస్కొపీ. మలద్వారం గుండా సన్నని గొట్టం పంపి, దాని కొసనున్న కెమేరాతో ప్రేగు లోపలంతా చూస్తారు. బుడిపె కనిపిస్తే అప్పటికప్పుడే తీసేస్తారు. అంతా బాగుంటే మళ్ళీ పదేళ్ళ దాకా అక్కరలేదు. కాని దీనికి మత్తు యివ్వాలి, డాక్టరు కావాలి, ఆస్పత్రి కావాలి. అంటే డబ్బు కావాలి.

ఆ డబ్బు యెవరివ్వాలి? చిక్కంతా యిక్కడే.

అమెరికాలో 65 యేళ్ళు దాటినవారికి మెడికేర్ అనే ప్రభుత్వ బీమా వుంది. 1965లో ప్రెసిడెంటు లిండన్ జాన్సన్ సంతకంతో పుట్టింది. జబ్బును నిర్ధారించడానికీ, నయం చెయ్యడానికీ అవసరమైన ఖర్చు చెల్లిస్తామన్నది ఆ చట్టం. వినడానికి బాగానే వుంది. కాని ఏ జబ్బూ కనిపించని మనిషికి నిర్ధారించడానికేముంది? నయం చెయ్యడానికేముంది? కాబట్టి ముందుజాగ్రత్త పరీక్షలకు దమ్మిడీ రాలేదు. కాన్సరు వచ్చాక ఆపరేషనుకు వేల డాలర్లు యిచ్చే చట్టం, అది రాకుండా చేసే పరీక్షకు చెయ్యి ముడుచుకు కూర్చుంది. 1997లో చట్టం సవరించి, 1998 జనవరి నుంచి యీ పరీక్షలకు చెల్లించడం మొదలుపెట్టారు. అప్పుడు కూడా కొలనాస్కొపీ మాత్రం ప్రమాదం యెక్కువ వున్నవారికే. అందరికీ వర్తింపజేసింది 2001 జూలై నుంచి.

ప్రైవేటు కంపెనీల లెక్క మరొక రకం. ఈరోజు యాభై యేళ్ళ మనిషికి పరీక్ష చేయించి బుడిపె తీయిస్తే, లాభం పదేళ్ళ తర్వాత. అప్పటికి ఆయన ఉద్యోగం మారి వుంటాడు. అక్కడ బీమా సాధారణంగా ఉద్యోగంతోపాటే మారిపోతుంది. లేకపోతే 65 దాటి మెడికేర్‌లో చేరి వుంటాడు. ఖర్చు ఒకరిది, ఆదా యింకొకరిది. ఎవరో తినబోయే పండుకు నేనెందుకు నీళ్ళు పొయ్యాలి అని ప్రతి కంపెనీ అనుకుంటే, చెట్టు యెండిపోవడం ఖాయం. వీరిలో దుర్మార్గులెవరూ లేరు; లెక్క అలా వుంది, అంతే. అందుకే యిటువంటి చోట అందరికీ కలిపి ఒకే చట్టం కావలసి వస్తుంది.

జనంలో జంకు పోగొట్టడానికి ఒక ఆడమనిషి చేసిన పని యిక్కడ చెప్పుకోవాలి. కేటీ కూరిక్ అనే ప్రసిద్ధ టెలివిజన్ వార్తాప్రముఖురాలి భర్త 1998లో యీ కాన్సరుతోనే పోయాడు. ఆయనకు 42 యేళ్ళు. 2000 మార్చిలో ఆమె తన కొలనాస్కొపీని తానే టెలివిజన్‌లో చూపించింది. తర్వాత కొన్ని నెలలపాటు దేశంలో యీ పరీక్షలు నూటికి యిరవై దాకా పెరిగినట్లు పరిశోధకులు లెక్కకట్టారు. సిగ్గును ధైర్యం గెలిచింది. బిల్లును గెలవడానికి మాత్రం ధైర్యం చాలదు కదా!

2010లో ప్రెసిడెంటు ఒబామా కాలంలో వచ్చిన ఆరోగ్యచట్టం ఆ పని తలపెట్టింది. నిపుణుల సంఘం ఒకటి యే పరీక్షలను గట్టిగా సిఫారసు చేస్తుందో, వాటికి ప్రైవేటు బీమా కంపెనీలు రోగి చేతినుంచి పైసా తీసుకోకుండా చెల్లించాలన్నారు. కొన్ని పాత పాలసీలకు మాత్రం మినహాయింపు యిచ్చారు. పెద్దప్రేగు పరీక్ష ఆ జాబితాలో వుంది. మొదట 50 యేళ్ళ నుంచి అన్నారు. చిన్న వయస్సులోనే యీ కాన్సరు పెరుగుతూండడం చూసి, 2021లో 45కు తగ్గించారు.

ఇక గొడవ తీరిందనుకుంటాం. తీరలేదు. మెడికేర్ వున్న ఒక పెద్దమనిషిని వూహించుకోండి. పరీక్ష ఉచితమని విని వెళ్ళాడు. మత్తు యిచ్చారు, నిద్రపోయాడు. డాక్టరు చూసి, ఒక బుడిపె కనిపిస్తే తీసేశాడు. మెలకువ వచ్చేసరికి ఆ పరీక్ష పేరు మారిపోయింది! ముందుజాగ్రత్త పరీక్ష కాస్తా చికిత్స అయి కూర్చుంది. చికిత్స అంటే ఖర్చులో 20 శాతం రోగి వాటా. నిద్రపోయే ముందు లేని బిల్లు నిద్ర లేచేసరికి వచ్చిపడింది. బుడిపె తియ్యడానికే కదా యీ పరీక్ష? ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్లయింది.

మలపరీక్షదీ యిదే కథ. దానికి డబ్బు అడగరు. అందులో రక్తం కనిపిస్తే తప్పనిసరిగా కొలనాస్కొపీ చేయించుకోవాలి. కాని అది జబ్బు నిర్ధారణ క్రిందికి వస్తుందని చెప్పి బిల్లు వేసేవారు. అంటే, నీకు అనుమానం వుందని చెప్పడం ఉచితం. ఆ అనుమానం తీర్చడం మాత్రం నీ ఖర్చు. చేతిలో డబ్బాడని మనిషి ఆ అనుమానాన్ని పెట్టెలో పెట్టి మూసుకుని కూర్చోడూ?

ఈ కంతలను ఒక్కొక్కటిగా పూడ్చుకుంటూ వచ్చారు. ప్రైవేటు బీమాల్లో బుడిపె తియ్యడం కూడా పరీక్షలో భాగమేనని 2013లో ప్రభుత్వం తేల్చి చెప్పింది. మత్తుమందు ఖర్చు కూడా అందులోదేనని 2015లో చెప్పవలసి వచ్చింది. మలపరీక్ష తర్వాతి కొలనాస్కొపీకి రోగి నుంచి డబ్బు తీసుకోకూడదన్న నిబంధన ప్రైవేటు బీమాలకు 2022లోనూ, మెడికేర్‌కు 2023లోనూ అమలులోకి వచ్చింది. మెడికేర్‌లో బుడిపె బిల్లును తీసెయ్యడానికి 2020 డిసెంబరులో చట్టం చేశారు గాని, ఒక్కసారిగా తీసెయ్యలేదు. 20 శాతం వాటా 2023 నుంచి 2026 దాకా 15 శాతమనీ, 2027 నుంచి 2029 దాకా 10 శాతమనీ, 2030 నుంచి పూర్తిగా వుండదనీ మెట్లు కట్టారు. బుడిపె మాత్రం మెట్లు లెక్కపెట్టుకుంటూ పెరగదు.

అసలు మొదటినుంచీ చివరిదాకా ఖర్చు భరిస్తే యేమవుతుందో చూపించిన రాష్ట్రం ఒకటుంది. దాని పేరు డెలవేర్. తూర్పుతీరాన చిన్న రాష్ట్రం; జనాభా యిప్పటికీ సుమారు పది లక్షలే. గవర్నరు రూత్ ఆన్ మిన్నర్ హయాంలో, 2002 నుంచి అక్కడివారు యీ కార్యక్రమం మొదలుపెట్టారు. బీమా లేనివారి పరీక్షకు రాష్ట్రమే డబ్బిచ్చింది. పరీక్షలో కాన్సరు బయటపడితే వైద్యానికి డబ్బేదీ అన్న భయం లేకుండా, బీమా లేనివారి చికిత్స ఖర్చు కూడా భరించింది. ఆస్పత్రుల్లో ప్రత్యేకంగా నర్సులను నియమించింది. జనాన్ని పలకరించడం, పరీక్షకు రోజు కుదర్చడం, ముందురోజు ప్రేగు శుభ్రం చేసుకునే మందు యెలా తాగాలో చెప్పడం, రాకపోతే యెందుకు రాలేదని వాకబు చెయ్యడం వీళ్ళ పని.

ఫలితాలు 2013లో ప్రకటించారు. 2002లో, వయస్సు వచ్చిన తెల్లవారిలో నూటికి 58 మంది, నల్లజాతివారిలో 48 మంది పరీక్ష చేయించుకుని వున్నారు. 2009 నాటికి రెండు వర్గాలవారూ సమంగా 74కు వచ్చారు. నల్లజాతివారిలో యీ కాన్సరు చావులు 42 శాతం తగ్గాయి. రెండు వర్గాల మధ్యా తరతరాలుగా వున్న తేడా దాదాపు చెరిగిపోయింది. ఇక డబ్బు మాట. కార్యక్రమానికి ఏటా అయిన ఖర్చు సుమారు 10 లక్షల డాలర్లు. కాన్సర్లు తగ్గడంవల్లా, వచ్చినవి తొలిదశలోనే దొరకడంవల్లా మిగిలింది ఏటా 85 లక్షల డాలర్లని లెక్కకట్టారు. ఖర్చు పెట్టిన ఖజానాకూ నష్టం లేదు, కాపాడిన ప్రాణాలు పైకంతో కొలిచేవి కావు.

ఉచితమంటే మొదటి గడప దాకా కాదు, చివరి గది దాకా వుండాలన్నదే డెలవేర్ చెప్పిన పాఠం. దానితోపాటు చెయ్యి పట్టుకుని నడిపించే మనిషి కూడా వుండాలి. ఇంగ్లండులో 2006 నుంచి ప్రభుత్వమే మలపరీక్ష సామాను పోస్టులో యింటికి పంపుతోంది. ఇప్పుడు 50 నుంచి 74 యేళ్ళ వారందరికీ రెండేళ్ళకొకసారి వస్తుంది. యే మెట్టులోనూ బిల్లు వుండదు. అయినా ఆ పొట్లాన్ని విప్పకుండా పక్కన పెట్టేసేవారు చాలామంది వున్నారు. డబ్బు అడ్డు తొలగినా, బద్ధకమూ భయమూ మిగిలే వుంటాయి.

మరి మన సంగతేమిటి? మన దేశంలో యీ కాన్సరు అమెరికాలో వున్నంత యెక్కువ లేదు. అందుకే 2016లో కేంద్రప్రభుత్వం జనం కోసం రూపొందించిన కాన్సరు పరీక్షల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, యీ మూడింటినే చేర్చారు. ఆరోగ్యశ్రీవంటి పథకాలు జబ్బు వచ్చినవారి చికిత్స కోసం పుట్టినవి. కనుక అందరూ రేపే కొలనాస్కొపీకి పరుగెత్తనక్కరలేదు. కాని తల్లికో తండ్రికో తోబుట్టువుకో యీ కాన్సరు వచ్చి వుంటే, మీకు యే వయస్సులో పరీక్ష అవసరమో డాక్టరును అడగండి. మలంలో రక్తం పడినా, విరేచనం తీరు వారాల తరబడి మారిపోయినా, కారణం తెలియకుండా రక్తం తగ్గి నీరసించినా, మొలలేలే అని పసరుమందులతో కాలక్షేపం చెయ్యకండి. చాలాసార్లు అవి మొలలే కావచ్చు. ఆ మాట చెప్పవలసింది పక్కింటివారు కాదు, పరీక్ష చేసిన డాక్టరు.

అమెరికాలో వున్న మీ అబ్బాయికో అమ్మాయికో 45 నిండితే, యీసారి టెలిఫోనులో మాట్లాడినప్పుడు యీ ముక్క గుర్తుచెయ్యండి. పరీక్షకు ముందే బీమా కంపెనీని కొన్ని ప్రశ్నలు అడగమనండి. డాక్టరూ, మత్తు యిచ్చేవారూ, బుడిపెను పరీక్షించే లేబరేటరీ, ముగ్గురూ పాలసీ జాబితాలో వున్నారా? బుడిపె తీస్తే అదనంగా యేమైనా కట్టాలా? చూడబోయిన తల్లిదండ్రుల కోసం తీసుకునే ప్రయాణపు బీమా యిటువంటి ముందుజాగ్రత్త పరీక్షలకు సాధారణంగా చెల్లించదు. చేయించుకోవలసినవారు బయలుదేరక ముందే యిక్కడ చేయించుకోవడం మేలు.

పిల్లల చదువుకూ పెళ్ళిళ్ళకూ ముందునుంచి కూడబెట్టే అలవాటు మన యిళ్ళలో వుంది. ఒంటి విషయంలో కూడా ఆ అలవాటు రావాలి. ప్రభుత్వాలకు మరీ రావాలి.