అక్టోబరు 31న లైప్‌జిగ్‌లో ఉంటే

నాచారంలో మా వీధిలో పిల్లలు జర్మనీలో ఉన్న ఇళ్ళు ఈ మధ్య బాగా పెరిగాయి. అక్కడి విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు మనవాళ్ళే అందరికంటే ఎక్కువ. ఉద్యోగం కుదిరాక అమ్మానాన్నల్ని పిలిపించుకుంటారు. పచ్చళ్ళు, పొడులు, స్వెట్టర్లు అన్నీ సర్దుకుంటాం గానీ, మనం ఉండే రోజుల్లో అక్కడ ఏ పండగ ఉందో మాత్రం అడగం. అది తప్పకుండా అడగాలి.

బోనాలకు తెలంగాణలో సెలవు, ఆంధ్రలో లేదు. అక్కడా అంతే. 1517 అక్టోబరు 31న మార్టిన్ లూథర్ పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని నిలదీస్తూ 95 వాక్యాలు ప్రకటించాడు. ఆ రోజు 16 రాష్ట్రాల్లో 9 రాష్ట్రాలకే సెలవు. మ్యూనిక్‌లో ఆఫీసులు మామూలే. సాక్సనీలోనైతే నవంబరులో ఒక బుధవారం పశ్చాత్తాప ప్రార్థనల దినం కూడా ఉంది. వృద్ధుల సంరక్షణ బీమా ఖర్చు కోసం 1995లో మిగతా రాష్ట్రాలు ఆ సెలవు వదులుకున్నాయి. సాక్సనీ వదులుకోలేదు. అందుకు అక్కడి ఉద్యోగులు ఈనాటికీ తమ జీతంలోంచి ఆ బీమాకు ఎక్కువ వాటా కడుతున్నారు. డబ్బు కట్టి మరీ నిలబెట్టుకున్న పండగను మనం తేలిగ్గా తీసుకోవచ్చా?

మా అమ్మాయి ఉండేది అదే సాక్సనీలోని లైప్‌జిగ్‌లో. 2024లో మేం వెళ్ళినప్పుడు దీపావళి, లూథర్ పండగ ఒకే రోజు వచ్చాయి. సూపర్ మార్కెట్లు మూసేస్తారని పాలు, కూరలు ముందురోజే తెచ్చుకున్నాం. సెలవు రోజు గోడకు మేకు కొట్టరు. వీధి మూలన ఖాళీ గాజు సీసాలు వేసే పెద్ద డబ్బా ఉంటుంది. చప్పుడవుతుందని ఆ రోజు అందులో ఒక్క సీసా కూడా వేయరు. మామూలు జనం బాణసంచా కాల్చడానికి డిసెంబరు 31, జనవరి 1 తప్ప అనుమతి లేదు. కాకరపువ్వొత్తులకు మాత్రం ఆ నిషేధం వర్తించదు. బాల్కనీలో ప్రమిదలు పెట్టి, ఆ కాకరపువ్వొత్తులే వెలిగించాం. పై అంతస్తు పెద్దావిడ మెట్ల మీద ఎదురైతే అమ్మాయి పండగ శుభాకాంక్షలు చెప్పింది. ఆవిడ కజ్జికాయ తీసుకుని, దీపాలెందుకని అడిగి తెలుసుకుంది.

‘మన పండగకు వాళ్ళ ఆంక్షలేమిటి?’ అనేవాళ్ళున్నారు. ఇక్కడ మన వీధిలో అర్ధరాత్రి డీజే మోగుతుంటే, గుండెజబ్బు ఉన్న పెద్దాయన కోసం బతిమాలుకునేది మనమే కదా!

పైగా లూథర్ చర్చి తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. 1842లో గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టిన హేయర్ పుట్టింది జర్మనీలోనే. లైప్‌జిగ్ పక్కనున్న హాలె ఊళ్ళో 1740ల్లోనే తెలుగు పుస్తకాలు అచ్చయ్యాయి. మద్రాసులో పనిచేసి వెళ్ళిన లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ వాటిని వేయించాడు. వెళ్ళేవాళ్ళు ఆ ఊరు కూడా చూసి రండి. సెలవు రోజైతే ట్రాములు ఆదివారం వేళల ప్రకారం, ఆలస్యంగా ఒక్కొక్కటే వస్తాయి. ఆ సంగతి చూసుకుని బయల్దేరండి.