ఆశయం అందరిదే, సంతకం ఎవరిది?

కొన్నేళ్ల క్రితం మా విశ్వవిద్యాలయంలో అయిదుగురు అధ్యాపకులం కలసి కులాధ్యయనాల కోసం ఒక చిన్న పరిశోధనా కేంద్రాన్ని ప్రారంభించాం. ఆశయ ప్రకటనను ఒక్క సాయంత్రంలో, ఒక్క అభ్యంతరమూ లేకుండా రాసుకున్నాం. ఆ ఏకాభిప్రాయానికి మురిసిపోయాం కూడా. మాలో దళితులెవరూ లేరన్న సంగతి ఆనాడు ఎవరికీ తట్టలేదు.

రెండేళ్ల తర్వాత, దళితవాడల్లో ఇల్లిల్లూ తిరిగి సమాచారం సేకరించిన దళిత పరిశోధక విద్యార్థిని మా తొలి నివేదికను తిరగేసి, ‘నా పేరు కృతజ్ఞతల్లో ఉంది సార్, రచయితల్లో ఎందుకు లేదు?’ అని అడిగింది. మా ఆశయ ప్రకటనలో దానికి జవాబు లేదు.

హైదరాబాదులోని ‘అన్వేషి’ చరిత్రను ఆ తర్వాతే నేను శ్రద్ధగా చదివాను. 1978 నాటి స్త్రీశక్తి సంఘటన అనుభవం నుంచి 1985లో పుట్టిన ఆ పరిశోధనా కేంద్రానికి ‘స్త్రీ’ అన్న భావనే ఉమ్మడి పునాది. 1990లో మండల్ వ్యతిరేక ఆందోళనల్లో అగ్రవర్ణ విద్యార్థినులు వీధికెక్కారు. 1991 ఆగస్టులో చుండూరు మారణకాండ జరిగింది. ఇక ‘ఏ స్త్రీ?’ అన్న ప్రశ్నను దాటవేయడం సాధ్యం కాలేదు. వ్యవస్థాపకుల్లో ఒకరైన సూసీ థారూ, తేజస్విని నిరంజనతో కలసి 1994లో ప్రచురించిన వ్యాసంలో ఈ ఘటనలనే ముందుంచుకొని స్త్రీవాదపు మూల భావనలను ప్రశ్నించారు.

ఆత్మవిమర్శ వ్యాసం దగ్గరే ఆగితే ఏ సంస్థా మారదు. అన్వేషితో కలసి పనిచేసిన గోగు శ్యామల 2003లో ‘నల్లపొద్దు’ సంకలనంలో 1921 నుంచి వచ్చిన దళిత స్త్రీల రచనలను ఒక్కచోటికి చేర్చారు. అధ్యయన వస్తువుగా ఉన్నవారే సంపాదకులు కావడాన్ని నేను అసలు మార్పుగా పరిగణిస్తాను.

వ్యవస్థాపకుల ఉమ్మడి దృష్టిలో సిద్ధాంతం పాలెంత, ఒకే తరహా ఇళ్లలో పెరిగిన పరిచయం పాలెంత? కొత్తవారు ప్రశ్నించగానే ‘మొదట అనుకున్నది ఇది కాదు’ అంటాం. మా మిత్రుడొకరు సరిగ్గా అదే మాట అని కేంద్రం నుంచి తప్పుకున్నారు. ఆయన అబద్ధమాడలేదు. మొదట అనుకున్నప్పుడు ఆ విద్యార్థిని గదిలో లేదు, అంతే.

నివేదికను ఆమె పేరుతో కలిపి మళ్లీ అచ్చువేశాం. ఇప్పుడామె కార్యవర్గ సభ్యురాలు. ఆశయ ప్రకటనను తిరగరాస్తున్నాం. నాలుగు సమావేశాలైనా మొదటి పేరా తేలలేదు.